ఎర్ర కుండలో గుడ్డు

పోలీసులు ఫోటో చూపించినప్పుడు నేను నవ్వాను.

ఏడవాల్సిన చోట నవ్వానని మా అన్న సోమ్లా ఇప్పటికీ గుర్తుచేస్తాడు. నిజమే. శబరి నది ఒడ్డున ఉన్న ఆ చిన్న పోలీస్ స్టేషన్లో, సువర్ణ అనే కానిస్టేబుల్ తన ఫోన్ నా ముందు పెట్టింది. నేను తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాను. చూసి నవ్వాను. లోపల బిగుసుకున్నదేదో ఒక్కసారిగా వదిలితే వచ్చే నవ్వు అది.

"మంచిగ చూడు ద్వాలీ," అన్నాడు అన్న. "ఎత్తు గట్లనే ఉన్నది గద."

"ఎత్తుదేమున్నది అన్నా? నువ్వు గూడ గంతే ఎత్తుంటవ్."

నీళ్లలో చాలా రోజులు నానిన శవం. మొహం అనడానికి ఏమీ మిగల్లేదు. ఒంటి మీద నిక్కరు తప్ప బట్టల్లేవు. మెడకు మాత్రం ఒక గుడ్డ చుట్టి ఉంది. సువర్ణ రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది.

"ఇదొక్కటే ఆనవాలమ్మా. ఏదో పాత పంచె ముక్క. సన్నటి నీలం అంచు కూడా ఉంది చూడు. ఈ గుండ్రటి మరక రక్తమే అంటున్నారు ఎస్సై గారు. ఇన్నాళ్లు నీళ్లల్లో ఉన్నా పోలేదంటే ఎంత కారిందో! తల మీద కొట్టి ఏట్లో పడేసుంటారని ఆయన అనుమానం."

మరక ఇటుక రంగులో, గుండ్రంగా ఉంది. దాని నడుమ చిన్న నిచ్చెనలాగా గీతలు. చేప ముల్లు అంటుకుని ఉంటుందని సువర్ణ అంది.

నా మొగుడు చందర్ దగ్గర అలాంటి గుడ్డ లేదు. అతని బట్టలన్నీ ఉతికేది నేను. ఏ చొక్కాకు ఏ గుండీ ఊడిందో కళ్లు మూసుకుని చెప్పగలను. మెడలో వేసుకునేది నేను జూలూరుపాడు సంతలో కొనిచ్చిన ఎర్రగళ్ల తువాలు. పాత పంచె ముక్క చుట్టుకుని తిరిగే ఖర్మ అతనికేం పట్టింది?

"మా ఆయన కాదు," అన్నాను.

"బాగా ఆలోచించుకో అమ్మా. మళ్లీ మేం ఉంచలేం. పాడైపోతోంది."

"కాదు మేడం. కానే కాదు."

అన్న నా వైపు చూశాడు. బస్సులో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.

జనవరి ఆఖరులో చందర్ జామాయిల్ కర్ర లోడుతో వెళ్లాడు. దించేసి తిరిగి వస్తూ, శబరి పక్కన రోడ్డు దిగువన లారీ ఆపాడు. తెల్లారి చూసినవాళ్లకు లారీ కనిపించింది, అతను కనిపించలేదు. తాళంచెవి దానికే ఉంది. ఖాకీ చొక్కా, ఎర్రగళ్ల తువాలు సీటు మీద మడిచి ఉన్నాయి. స్నానానికి దిగి మునిగిపోయాడని కొందరు. అడవిలోకి ఎవరో పట్టుకుపోయారని కొందరు. లారీ ఓనరు వెంకటరామారావు అయితే, "కొత్త పెళ్లాం మీద మొహం మొత్తి ఎటో పోయుంటడు," అని అడ్డాలో అన్నాడట. ఆ మాట నాకు అన్నిటికంటే నచ్చింది. నా మీద మొహం మొత్తినా సరే, ఎక్కడో ఒకచోట అన్నం తింటూ ఉన్నాడని కదా దానర్థం.

*

ఇంటికి వచ్చేసరికి మా అత్త సోమమ్మ వాకిట్లో చెంబుతో నిలబడి ఉంది. స్టేషన్‌కు రానని ఆమె ముందే చెప్పింది. "నేను సూస్తే వాడే అయితడు. నువ్వు సూసి రా," అంది.

అడగకుండానే నా మొహం చదివింది.

"కాదు అత్తమ్మా. ఆయన కాదు."

"ప్రభువా," అని అక్కడే కూలబడింది. కాసేపటికి తేరుకుని లేచి, నేను గడప దగ్గరికి రాబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు. శవాన్ని సూసొచ్చినవ్. కాళ్లు కడుక్కో. సూసిందంతా గీడనే ఇడ్సిపెట్టి రా. ఈస్టర్ ముంగటి శ్రమల దినాలు నడుస్తున్నయ్, శవం ముచ్చట గడప దాటనియ్యొద్దు. ఎట్లున్నది, ఏం కట్టుకున్నది, నాకేం జెప్పకు."

చెప్పలేదు. మా తండాలో కూడా అంతే. చావు చూసి వచ్చినవాళ్లు ఆ మాట ఇంట్లో ఎత్తరు. పాదాల మీద నీళ్లు పోసుకున్నాను. పంచె ముక్కనూ ఆ మరకనూ నీళ్లతో పాటు వాకిట్లోనే వదిలేసి లోపలికి వెళ్లాను.

ఆ రోజు నుంచి అత్త మనిషే మారిపోయింది. మిరప తోటలో కూలోళ్ల కంటే ముందు వరస పట్టేది. నడుం వంగితే లేవదని ఊరంతా అనుకునే మనిషి, బస్తా ఎత్తబోతుంటే నేను పరిగెత్తి లాక్కోవాల్సి వచ్చేది. ఘాటుకు చేతులు మండుతున్నా పాట ఆపేది కాదు. శ్రమల దినాలన్నీ ఆ ఇంట్లో గుడ్డు తినరు. కోళ్లు పెట్టిన గుడ్లన్నీ బియ్యం కుండలో దాస్తుంటే చూసి అడిగాను.

"ఇన్ని గుడ్లు ఏం జేస్తరు అత్తమ్మా? పొదగేస్తరా?"

"కొన్నిటికి ఈస్టర్‌కు రంగులేస్త, తక్కినయి పంచుత. సూస్తవ్ గద."

"గుడ్లకు రంగా?" నాకు నవ్వాగలేదు. "మా తండాల గుడ్డుకు రంగేస్తే దయ్యం పట్టిందని భూతవైద్యున్ని పిలుస్తరు."

"మీ తండోళ్లకు గుడ్డంటే కూరకే ఎరక. రా, మోదుగ పూలేరనీకి పోదాం."

అడవి అంచున ఆకు రాలిన కొమ్మల మీద పూలు మంటలాగా ఉన్నాయి. ఆ పూలు నాకు కొత్త కాదు. మా దగ్గర హోళీకి వాటినే మరగబెట్టి ఒకరి మీద ఒకరం పోసుకుంటాం. ఆ మాట చెబితే అత్త మురిసిపోయింది. "సూసినవా? మీ పండగ రంగు, మా పండగ రంగు ఒక్కటే. నా కొడుకు ఊకెనే ఎంచుకోలే నిన్ను," అంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె నోట ఆ మాట వినడం అదే మొదలు. పోయిన వేసవిలో, ఈస్టర్ వెళ్లిన తర్వాత, పెద్దల్ని ఎదిరించి చేసుకున్న పెళ్లి మాది. మావాళ్లు రాలేదు. ఆమె వచ్చింది గాని, అక్షింతలు వేయలేదు.

పూలు ఒడిలో పోసుకుంటూ ఆమె ఆ ఇంటి పద్ధతి చెప్పింది. ఆమె తల్లి మిషన్ దవాఖానాలో ఆయాగా చేసేదట. అక్కడి దొరసాని నర్సు గుడ్లకు రంగులేయడం నేర్పింది. దొరసాని వెళ్లిపోయింది, ఆమె తెచ్చుకున్న రంగు పొట్లాలు అయిపోయాయి. తల్లి ఉల్లిపొట్టు, మోదుగ పూలు, కరక్కాయలు పట్టుకుంది. అక్కడి నుంచి ఇది దొరసాని పండగ కాకుండా పోయి, మా అత్తవాళ్లదైపోయింది.

రెండు కుండలు. ఎర్ర కుండలో ఉల్లిపొట్టు, మోదుగ పూలు, పటిక. అది బతికున్నవాళ్లది. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ఆకు. ఆ ఆకును గుడ్డుకు అదిమి, పేలికతో బిగించి కట్టి ఉడికిస్తే, ఎర్రటి గుడ్డు మీద ఆకు ముద్ర తెల్లగా తేలుతుంది. నల్ల కుండలో కరక్కాయలు, తుప్పు పట్టిన ఇనుము. అది పోయినవాళ్లది. దానికి ఆకు ఉండదు.

"మీ మామకు తుప్పు గనిలదే ఏస్త. ఆయన దుంగలకు గొట్టిన మేకులున్నయ్. బొగ్గులనే బతికిండు, బొగ్గు రంగులనే ఉండనీ."

మా మామ సాంబమూర్తి కొత్తగూడెం గనుల్లో పనిచేసి, రిటైరై, ఈ ఊళ్లో మిరప తోట కొని, రెండు కాపులు చూసి పోయాడు. ఈస్టర్ తెల్లవారుజామున అందరూ సమాధుల తోటకు వెళ్తారు. నల్ల గుడ్డును ఒలవరు. సమాధి మట్టిలో పూడుస్తారు. ఎర్ర గుడ్లను అక్కడే, పోయినవాళ్ల ఎదుట ఒలుచుకుని తింటారు.

"ఊర్లె లేనోళ్లదో?" అని అడిగాను.

"గది ఆలి తినాలె. మొగని పాలు ఆలి తింటె, వాని ఆయుష్షు ఇంట్లనే ఉంటది." నా ఒడిలోకి ఇంకో గుప్పెడు పూలు వేసింది. "నీకేం ఆకు గావాలె?"

"తంగేడు."

"మా చందర్‌ది చింతాకు. చిన్నప్పటి సంది గదే. పులుపు సచ్చేటంత ఇష్టం వానికి."

నాకు తెలుసు. చారులో చింతపండు తగ్గితే కంచం పక్కకు జరిపేవాడు.

*

ఈస్టర్‌కు వారం ముందు, మట్టల ఆదివారం నాడు, చర్చి ముందు, మా పక్కింటి ఉషారాణి ఈతాకు మట్ట ఊపుకుంటూ మా దగ్గరికి వచ్చింది. ఆమె మొగుడు ఇంకా గనిలోనే చేస్తాడు. మనిషి చెడ్డది కాదు గాని, నోరు ఊరుకోదు.

"సోమక్కా, ఈయేడు నల్ల కుండల ఎన్ని గుడ్లు?"

"ఒక్కటే. మా ఆయనది."

"ఒక్కటేనా?"

మట్టలు పట్టుకున్న ఆడవాళ్లంతా పాట ఆపి ఇటు తిరిగారు. అత్త మొహం రాయిలా అయింది.

"ఏందే ఉషా, నీకు అనుమానం?"

"నేనేమన్న అక్కా? వానికి ప్రార్థన జేయిస్తే మంచిదని. ఆత్మ తిరుగుతుంటదంటరు..."

"నీ మొగడు పొద్దుగాల గనిల దిగంగనే నల్ల కుండ పొయ్యి మీద పెడ్తవా? సాయంత్రం పైకొస్తడని ఎదురుసూస్తవా?"

ఉషారాణి చేతిలోని మట్ట కిందికి దిగింది.

"నేను గూడ ఎదురే సూస్తున్న. పైకొచ్చేదాక నా కొడుకు ఎర్ర కుండలనే ఉంటడు. పోయి నీ మట్ట ఊపుకో."

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా నా చెయ్యి వదలలేదు. ఇంటి దగ్గరికి వచ్చాక నెమ్మదిగా అడిగింది. "నువ్వు మంచిగనే సూసినవ్ గద బిడ్డా?"

"మంచిగనే సూసిన అత్తమ్మా."

"అయితే సాలు."

నా రెండు కళ్ల మీద ఆ ముసలి ప్రాణం నిలబడి ఉంది.

*

శనివారం పొద్దున పెరట్లో రెండు పొయ్యిలు అంటించాం. ఎర్ర కుండ పొంగుతుంటే ఉల్లి వాసన, పూల పచ్చి వాసన కలిసి ముక్కుకు ఘాటుగా తగిలాయి. నల్ల కుండ మాత్రం చప్పుడు లేకుండా ఉడుకుతోంది. అందులో ఒకే ఒక గుడ్డు.

నేను ఆకులు తెంపుకొచ్చి ఇవ్వగానే అత్త వాటిని గుడ్లకు కట్టి ఎర్ర కుండలో వేసేసింది. "నీది నువ్వు కట్టుకోవద్దు, అత్త కట్టాలె," అంది. పేలికలు ఎక్కడివో నేను గమనించలేదు. పొయ్యి ఎగదోయడంలో మునిగిపోయాను.

చల్లారాక గిన్నెలో మూడు మూటలు నా ముందు పెట్టింది. "మొగనిది ఆలి ఇప్పాలె. నిమ్మళంగ. ఆకు ముద్ర చెదిరితె కీడు."

నిమ్మళంగానే ముడి విప్పాను. గుడ్డు అరచేతిలోకి జారింది. ఇటుక రంగు మీద తెల్లటి చింతాకు, గీసినట్టు వచ్చింది. దాన్ని చూసి సంతోషపడబోతున్నాను. రెండో చేతిలో పేలిక విచ్చుకుంది.

తెల్ల పంచె ముక్క. సన్నటి నీలం అంచు. నడుమ గుండ్రటి ఇటుక రంగు మరక. ఆ మరకలో ఆకు పసరు అంటి, చిన్న నిచ్చెనలాగా గీతలు.

పొయ్యిలో కట్టె చిటపటమంటోంది. కోడి ఒకటి గిన్నె దగ్గరికి వస్తే అత్త కాలితో అదిలించింది.

"అత్తమ్మా," అన్నాను. "ఈ పేలికలేడివి?"

"మీ మామ పంచె. ఆయన పోయినంక ముక్కలు జేసి దాసిన. ఏటా గవిటితోనే కడ్త."

"పోయినేడు మీ కొడుకు గుడ్డుకు కట్టింది...?"

"వాడు ఊర్లె లేకుండె. లోడు మీద ఉండె. నువ్వు ఇంకా రాలే గద, తినెటోళ్లు ఎవలు? మూట మూటనే లారీ అడ్డకు పంపిన." పాత రోజు గుర్తొచ్చి నవ్వింది. "గుడ్డు తిని, ముక్కను మా నాయిన పంచె అని లారీలనే పెట్టుకున్నడు. ఏట్ల తానం జేసినా గదే, సెమట తుడుసుకున్నా గదే. ఇంటికి తేరా, ఉతికిస్త అంటె తేడు. ఉతికితె రంగు పోతదని భయం. పిచ్చోడు! గోదాట్ల ఏసినా పోదు గీ రంగు."

గుడ్డును నెమ్మదిగా గిన్నెలో పెట్టాను. పేలిక మడిచి పక్కన పెట్టాను. దొడ్డికి పోయొస్తానని చెప్పి, మిరప బస్తాల వెనక్కి వెళ్లి, సువర్ణకు ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది.

"మేడం, నేను ద్వాలిని. జూలూరుపాడు దిక్కు నుంచి వచ్చిన. ఏట్ల దొరికిన మనిషి..."

"ఆ, గుర్తుంది చెప్పమ్మా."

"ఇప్పుడు ఏడున్నడు?"

"అప్పుడే పూడ్చేశారమ్మా. మీరు కాదన్నారుగా, ఇంకెవరూ రాలేదు. పంచాయతీ వాళ్లు ఏటి ఒడ్డునే ఎక్కడో గొయ్యి తీశారు. ఎందుకు, ఏమన్నా తెలిసిందా?"

"ఏ జాగనో గుర్తు వెట్టిన్రా?"

"ఇసకలో గుర్తేముంటుంది?"

"మెడల ముక్క?"

"దాంతోనే. అమ్మా... ఉన్నావా?"

ఫోన్ పెట్టేశాను. ఒకరోజు ముందే అడిగి ఉంటే అని లేదు. వారం ముందే అడిగి ఉన్నా ఇసుకే. నేను కాదన్న రోజునే అతను ఎవరూ లేనివాడైపోయాడు. మా మామ పంచె మెడకు చుట్టుకుని, మా అత్త చేతి రంగుతో, నా మొగుడు నా ముందుకు వచ్చాడు. నేను చూసి నవ్వి పంపేశాను.

"ద్వాలీ! యాడున్నవ్? గుడ్లకు నూనె వెట్టాలె, రా!"

వెళ్లాను. మెరుపు కోసం గుడ్లకు నువ్వుల నూనె రాస్తారట. అత్త తనదీ నాదీ తీసుకుని, చందర్ గుడ్డు నా చేతికిచ్చింది. వేళ్లతో నూనె అద్ది చుట్టూ రాశాను. కింద, పైన, చింతాకు మీద. పెళ్లయిన కొత్తలో ఆదివారం పూట తల వంచి నా ముందు కూర్చునేవాడు, నూనె పెట్టమని. మాడు మీద ఆగేవి నా వేళ్లు.

"సాలు తియ్యి. జారిపోతది," అంది అత్త.

చెప్పాలి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆమె మూడు ఎర్ర గుడ్లనూ బియ్యం మీద పేర్చి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది. "ఈయేడు వానిదే మంచిగ వచ్చింది," అంది.

నోరు మూసుకున్నాను.

*

తెలవారకముందే ఊరు ఊరంతా సమాధుల తోటలో ఉంది. గుట్ట కింద కొవ్వొత్తులు రెపరెపలాడుతున్నాయి. కడిగిన సమాధుల మీద బంతిపూలు. "లేచెను, లేచెను" అని పాస్టర్ గారు గొంతెత్తితే, అందరూ అందుకున్నారు.

అత్త మామ సమాధి దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. మట్టి కొంచెం తీసి, నల్ల గుడ్డును పడుకోబెట్టి, పైన మట్టి సర్దింది. "నీ కొడుకును ఇంటికి దోలు," అని సమాధితో మెల్లగా అంది. పక్కనున్న మనిషికి పని చెప్పినట్టే ఉంది.

తర్వాత కొంగు మూట విప్పి, చింతాకు గుడ్డును నా చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. అందరు సూస్తుండగ తిను."

ఉషారాణి నాలుగు సమాధుల అవతల నిలబడి మావైపే చూస్తోంది. చుట్టూ పెంకులు చిట్లుతున్న చప్పుడు. పిల్లలు ఒకరి గుడ్డు ఒకరికి చూపించుకుంటున్నారు. నా గుడ్డు నూనెకు మెరుస్తోంది. సమాధి రాతికి తాకిస్తే పెంకు పగులుతుంది. ఒక ముక్క నోట్లో పెట్టుకుంటే చాలు. ఈ ఏడాదికి ఆమె కొడుకు బతికే ఉంటాడు. వచ్చే ఏడాది మళ్లీ మోదుగ పూలు. ఆ పై ఏడాది మళ్లీ. ఏటా నేను తింటూ ఉంటాను.

చెయ్యి రాతి దాకా వెళ్లింది.

వెనక్కి తీసుకున్నాను. మామ సమాధి పక్కన ఖాళీ నేల ఉంది. అక్కడ కూర్చుని వేళ్లతో మట్టి తవ్వాను. గట్టి నేల. గోరు చీరుకుంది. చిన్న గుంట అయింది. గుడ్డును అందులో పెట్టాను. చింతాకు పైకి ఉండేట్టు పెట్టాను.

పాట సాగుతూనే ఉంది. నేను తల ఎత్తలేదు. అత్త పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. అవి చాలాసేపు కదల్లేదు. అరుస్తుందనుకున్నాను. జుట్టు పట్టుకుని లాగుతుందనుకున్నాను. అలా చేస్తే బాగుండని కూడా అనుకున్నాను.

నేల మీద చెయ్యి ఊనుకుని, మోకాళ్లు కటకటమంటుండగా నా పక్కన కూర్చుంది. గుంటలోకి చూసింది. గుడ్డును బయటికి తీసి, తన కొంగుతో తుడిచి, ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకా లోతుగ తియ్యి," అంది. "కుక్కలు తోడుతయ్."